కొలవని కిటికీ

ఒక మనిషిని పొద్దస్తమానం కనిపెట్టి చూస్తూ ఉండడం ఆ మనిషి మీద బెంగ పెట్టుకోవడమా, ఆ మనిషిని గుప్పిట్లో పెట్టుకోవడమా? మా మరిది విషయంలో ఈ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. పుస్తకాల్లో వెతికాను. అతని ముఖంలోనూ వెతికాను. ముఖంలో ఒకరోజు ఒకటి కనిపించేది, మర్నాడు రెండోది కనిపించేది.

మరిది అంటే మా ఆయన తమ్ముడు. కర్టెన్లు కుట్టే కొట్టు అతనిది. కొట్టు కింద, నా వాటా పైన. మా ఆయన పోయాక మధ్యాహ్నాలు పైన ఒక్కదాన్నీ కూర్చోబుద్ధి కాక పుస్తకం పట్టుకుని కిందికి దిగేదాన్ని. వీధివైపు అద్దం పక్కన నాకో కుర్చీ వేయించాడు. ఎవరైనా తెలియక కూర్చోబోతే, "అక్కడ కాదండీ, అది మా వదిన సింహాసనం" అనేవాడు. ఊళ్ళో అందరికీ అతను మాస్టారు. గుడ్డ కోసేవాణ్ణి మాస్టారనడం మామూలే గాని, ఇతన్ని పిలిచేటప్పుడు ఆ మాటలో రవ్వంత జంకు కూడా ఉండేది.

ఆ జంకుకి కారణం అతని పని పద్ధతి. తాను స్వయంగా వెళ్ళి చూడని కిటికీకి అతను గుడ్డ కోసేవాడు కాదు. ఎంతటివాళ్ళు కొలతలు పట్టుకొచ్చినా అంతే. ఒకసారి పళ్ళ డాక్టరుగారు చీటీ పట్టుకుని వచ్చారు.

"మాస్టారూ, హాలు కిటికీ కొలతలివి. నేనూ మా ఆవిడా కలిసి తీశాం. మీకు రావలసిన శ్రమ లేదు."

మా మరిది చీటీ అందుకుని, పెళ్ళిపత్రిక చదివినంత మర్యాదగా చదివి, బల్లకింద చెత్తబుట్టలో వేశాడు.

"అదేమిటండీ!"

"డాక్టరుగారూ, నేను అద్దం ముందు నిలబడి నా పన్ను నేనే సగం పీక్కుని, మిగతా సగం మీరు పీకండి అని వస్తే ఊరుకుంటారా? సాయంత్రం నేనే వస్తాను. మంచి కాఫీ పెట్టించండి, చాలు."

డాక్టరుగారు నవ్వక తప్పలేదు. గోడ ఎక్కడ ఉబ్బిందో, నేల ఎటు వాలిందో, కడ్డీ బరువుకి ఎంత కుంగుతుందో అవతలివాళ్ళకి తెలియదనేవాడు మా మరిది. నిజమే. అతను కుట్టిన కర్టెన్ నేలని తాకీ తాకనట్టు నిలబడేది. దాన్ని చూస్తే నాకే ముచ్చటేసేది.

అయితే అతను కొలిచేది కిటికీ ఒక్కటే కాదు. తిరిగొచ్చి, టేపు మెడలోంచి తీస్తూ, "మంచాలు వేరే వేరే గదుల్లో ఉన్నాయి వదినా" అనేవాడు. "ఫోన్లో చూడు, భుజాలమీద చేతులేసుకుని ఎలా నవ్వుతున్నారో." కోత బల్లమీద సుద్దల డబ్బాకి ఆనించి ఫోను ఎప్పుడూ నిలబెట్టే ఉండేది. ఒక చేత్తో గుడ్డ సర్దుతూ రెండో చేతి బొటనవేలితో ఊళ్ళోవాళ్ళందరి బతుకులూ పైకి తోస్తూ ఉండేవాడు. ఎవరు ఏ ఊరు వెళ్ళారు, ఎవరు ఎవరి ఫోటో కింద ఏం రాశారు, నిన్నటిదాకా రాస్తున్నవాళ్ళు ఇవాళెందుకు రాయలేదు. తను మాత్రం ఒక్క ముక్క రాసేవాడు కాదు. ఒక్క ఫోటో పెట్టేవాడు కాదు. అవతలివాళ్ళ వీధిలో చెప్పులు చేతపట్టుకుని నడిచే మనిషిలా ఉండేవాడు.

పక్క వీధిలో ఇంకో కర్టెన్ల ఆయన ఉండేవాడు. ఆయన తన పని ఫోటోలు పెట్టినప్పుడల్లా మా మరిదికి అది పండగే. రెండు వేళ్ళతో పెద్దది చేసి నా పుస్తకానికి అడ్డంగా పెట్టేవాడు. "ఆ అంచు చూడు వదినా! పాము పాకినట్టు లేదూ?"

"పోనీలెద్దూ. ఆయన బతుకు ఆయనది."

"నేనేమన్నా అడ్డంపడ్డానా? చూస్తున్నానంతే."

ఒక వానాకాలం ఆ కొట్టులోకి నీళ్ళొచ్చేశాయి. ఆయన ఏడుపు గొంతుతో వీడియో పెట్టాడు, మోకాళ్ళలోతు నీళ్ళలో తానులు తేలుతున్నాయి. మా మరిది దాన్ని వెనక్కి తిప్పి తిప్పి చూశాడు. భుజాలు అదిరేలా నవ్వాడు. నాకు మనసులో గుచ్చుకుంది. కాని మధ్యాహ్నానికల్లా తన వ్యాను తీసుకెళ్ళి, తడిసిన తానులన్నీ తనే మోసుకొచ్చి మా డాబామీద ఆరేయించాడు. ఆ పక్కవీధి ఆయన చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తానులు విప్పి ఆరేస్తున్నంతసేపూ మా మరిది ముఖం వెలిగిపోతూనే ఉంది. ఆ వెలుగు సాయం చేస్తున్నందుకో, ఆ మనిషి అలా అయినందుకో నేను పోల్చుకోలేకపోయాను. అతనికైనా తెలుసో లేదో.

కొట్టులో మిషను కుట్టే అమ్మాయి ఒకామె పనిచేసేది, ఇద్దరు పిల్లల తల్లి. ఒక రోజు జ్వరమని కబురు పెట్టి రాలేదు. మర్నాడు వచ్చి మిషను దగ్గర కూర్చోగానే మా మరిది ఎంతో ఆప్యాయంగా పలకరించాడు.

"తగ్గిందా అమ్మా?"

"తగ్గింది మాస్టారూ."

"బాగా కాసిందా?"

"ఒళ్ళు పేలిపోయిందనుకోండి."

"చలి కూడా పుట్టి ఉంటుంది."

"అబ్బో. రెండు దుప్పట్లు కప్పుకున్నా ఆగలేదు."

"అయ్యయ్యో. మందులెవరు తెచ్చారు, మీ ఆయనా?"

"ఆయనే మాస్టారూ. పాపం రోజంతా పక్కనే కూర్చున్నాడు."

"మంచి మనిషి." అతను కత్తెరకి నూనె రాస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు. "ఏటి ఒడ్డున గాలి ఎక్కువమ్మా. ఈసారి వెళ్ళినప్పుడు శాలువా పట్టుకెళ్ళు. మీ ఆడపడుచు పెట్టిన ఫోటోల్లో ఎవరికీ లేదు."

మిషను ఆగిపోయింది. ఆమె మెడ ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. అతను కోప్పడలేదు. పని మానిపించలేదు. ఆ తర్వాత సాయంత్రాలు ఆలస్యమవుతుందన్నా, ఆదివారం రమ్మన్నా ఆ పిల్ల ఎప్పుడూ కాదనలేదు.

ఆమె వెళ్ళాక నేనన్నాను. "మొదటి మాటకే నాకు తెలుసని చెప్పొచ్చుగా? అంతసేపు అబద్ధాలాడించడం దేనికి?"

"చెప్పేస్తే ఇంకేం మిగులుతుంది వదినా?" అన్నాడు. నిజంగానే అర్థంకాక అడిగినట్టు అడిగాడు.

చాలాకాలం తర్వాత ఒక పత్రికలో వ్యాసం చదివాను. తమను మించినవాళ్ళు లేరనుకునేవాళ్ళు, మనుషుల్ని పావుల్లా కదిపేవాళ్ళు, ఎదుటివాళ్ళు బాధపడితే చలించనివాళ్ళు, ఒకళ్ళు పడితే ముచ్చటపడేవాళ్ళు. ఇలాంటివాళ్ళకి ఇతరుల ఖాతాల్లోకి తొంగిచూసే అలవాటు ఎక్కువని పరిశోధకులు అంటున్నారట. చదువుతుంటే కుర్చీలో కుదురుగా ఉండలేకపోయాను. మూడు గళ్ళలో మా మరిది సరిగ్గా పట్టాడు. చలించనివాళ్ళు అన్న గడిలో పట్టలేదు. మా ఆయన ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో, అన్నని ఒత్తిగిల్లజేసి వీపు తుడిచింది అతనే. బయటికొచ్చి గోడకి తల ఆనించి ఏడ్చింది కూడా అతనే. పత్రిక మడిచి దిండు కింద పెట్టాను. మళ్ళీ తీశాను. మళ్ళీ పెట్టాను.

ఇక పిట్ట సంగతి చెప్పాలి. పిట్ట అతని ఒక్కగానొక్క కూతురు. చిన్నప్పుడు తానుల మీదనుంచి తానుల మీదకి గెంతుతూ ఉండేది, అందుకని అందరం పిట్ట అనేవాళ్ళం. దాని తల్లి పోయేనాటికి దానికి జడ వేసుకోవడం కూడా రాదు. అతనే వేసేవాడు. పాపిడి స్కేలు పెట్టి గీసినట్టుండేది. బడిలో మిగతా ఆడపిల్లల తల్లులు, నీ జడ ఎవరు వేస్తారే అని అడిగేవాళ్ళట. పెద్దదయ్యాక చెవి పరీక్షలు చేసే క్లినిక్కులో ఉద్యోగం వచ్చింది. మందుల కంపెనీ అబ్బాయి ఒకడు అక్కడికి వస్తూండేవాడు. ఇద్దరికీ ఒకళ్ళంటే ఒకళ్ళకి ఇష్టం కలిగింది. నాకు చెప్పింది. నాన్నకి మెల్లిగా చెబుతానంది.

మెల్లిగా చెప్పే అవసరం రాలేదు. ఒకరోజు ఫోను కొట్టులో ఛార్జింగుకి పెట్టి పైకి నా దగ్గరికి వచ్చింది. కింద మా మరిది ఆ ఫోన్లోంచి, పిట్ట రాసినట్టే, ఆ అబ్బాయికి రాశాడు. ఇష్టం లేదని, ఇంకెప్పుడూ మాట్లాడించవద్దని. రాసింది చెరిపేశాడు. ఆ అబ్బాయి అభిమానం గల మనిషి, మళ్ళీ ముఖం చూపించలేదు, పిట్ట ఫోను చేసినా ఎత్తలేదు. కారణం తెలియక పిట్ట రోజుల తరబడి ఏడిస్తే, తల ఒళ్ళో పెట్టుకుని నిమిరింది ఎవరనుకున్నారు? "ఊరుకో తల్లీ, కొందరు మగవాళ్ళంతే" అన్నది ఎవరనుకున్నారు?

ఏడాది తిరిగాక బస్సులో ఆ అబ్బాయి కనిపించాడు, పక్కన భార్యతో. రెండు మాటల్లో సంగతి బయటపడింది. పిట్ట బస్సు దిగి నేరుగా కొట్టుకి వచ్చింది. నేను నా కుర్చీలోనే ఉన్నాను.

"నువ్వేనా నాన్నా?"

"వాడు నీకు తగినవాడు కాదు."

"నేనడిగింది అది కాదు. రాసింది నువ్వేనా?"

"నీ మంచికే..."

"నా మాటలతో రాశావు. నేను 'సరే మరి' అంటానే, అది కూడా పెట్టావుట చివర్న." ఒక అడుగు ముందుకు వేసింది. "నాలాగా రాయడానికి నన్నెంతసేపు చదివావు నాన్నా?"

ఆ సాయంత్రమే బట్టలు సర్దుకుని వెళ్ళిపోయింది. ఊరికి ఆ చివర ఒక గది తీసుకుంది. ఫోన్లో అతన్ని అన్నిచోట్లా బ్లాక్ చేసింది.

ఆ తర్వాత మా మరిదిని చూడాలంటే భయమేసేది. కూర్చుంటే లేచేవాడు, లేస్తే నడిచేవాడు. కోసిన గుడ్డే మళ్ళీ కొలిచేవాడు. బొటనవేలు ఉత్తి బల్లమీద కూడా పైకి తోస్తూ ఉండేది. "ఎలా ఉందో వదినా" అనేవాడు. "తిన్నదో లేదో. తలుపు గడియ సరిగ్గా పడుతుందో లేదో." నేను పిట్టని ప్రతి వారం గ్రంథాలయంలో కలుసుకునేదాన్ని, దాని క్లినిక్కు ఆ వీధిలోనే. బాగానే ఉంది అని చెప్పేదాన్ని. "బాగానే అంటే?" అని గుచ్చి గుచ్చి అడిగేవాడు. ఏం తొడుక్కుంది, చిక్కిందా, నవ్విందా, ఎవరి గురించి నవ్వింది.

కొన్నాళ్ళకి అడగడం మానేశాడు.

నడక తగ్గింది. గుడ్డ ఒకసారే కొలుస్తున్నాడు. మనసు రాయి చేసుకున్నాడు కాబోలు అనుకున్నాను. కాని అతని ముఖంలో ఉన్నది రాయిలాంటిది కాదు, కడుపు నిండిన మనిషి ముఖంలా ఉంది. ఒక మధ్యాహ్నం ఫోను బల్లమీద పడుకోబెట్టి, దానిమీద చిన్న స్టీలు స్కేలు ఆనించి ఏదో కొలుస్తున్నాడు.

"ఏమిటయ్యా అది?"

"స్విచ్‌బోర్డు."

"ఎవరింట్లోది?"

"ఎవరింట్లోదైనా ఒకటే సైజు వదినా. పక్కనున్నవాటి సంగతి దాన్నిబట్టి చెప్పొచ్చు." నవ్వి ఫోను జేబులో వేసుకున్నాడు. నేను పుస్తకంలోకి వెళ్ళిపోయాను.

అటువైపు పిట్ట కూడా కాస్త తేరుకున్నట్టుంది. ఒకరోజు గ్రంథాలయం మెట్లమీద కూర్చుని చెప్పింది.

"పెద్దమ్మా, నాకో స్నేహితురాలు దొరికింది. ఫోన్లోనే. ఇంచుమించు నీ ఈడు. ఊలుతో అల్లికలు పెడుతుంది. ఊలు ఆంటీ అంటాను నేను. ఇప్పటిదాకా ఆవిడ ముఖం చూడలేదనుకో."

"ముఖం చూడకుండా స్నేహమేమిటే?"

"నువ్వు పోయిన రచయితలతో చెయ్యట్లా? ఇదీ అంతే." పకపకా నవ్వి, తర్వాత నెమ్మదించింది. "ఆవిడ కూతురు ఆవిడతో మాట్లాడడం మానేసిందట. పాపం ఆవిడ రాస్తుంటే అవతలివైపు ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది నాకు."

"అవతలివైపంటే?"

"నాన్నవైపు."

పిట్ట అంతకంతకీ ఊలు ఆంటీ కబుర్లే చెప్పేది. కొత్త ఫ్లాటులోకి మారినప్పుడు గోడకి ఏ రంగు బాగుంటుందో ఆవిడనే అడిగింది. చివరికి ఒక వారం చేతిలో బస్సు టికెట్టు నలుపుతూ అంది.

"నాన్నని ఒకసారి పిలుద్దామనుకుంటున్నాను. ఊలు ఆంటీ ఏమందో తెలుసా? ఇంటికొచ్చినవాణ్ణి గుమ్మంలోంచైనా పంపెయ్యొచ్చు, పిలవకపోతే ఆ సుఖం కూడా లేదంది." నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. "ఆదివారం తీసుకురా. కాని పెద్దమ్మా, ఇదే ఆఖరు. మళ్ళీ నా వెనకాల ఏదైనా చేశాడని తెలిస్తే ఇక నాకు నాన్న లేడనుకుంటాను. ఈ మాట కూడా చెప్పు."

రెక్కలొచ్చినట్టు కొట్టుకి వచ్చాను. అతను కోత బల్ల దగ్గరున్నాడు.

"పిట్ట రమ్మంటోందయ్యా నిన్ను!"

కత్తెర ఆగలేదు. "ఆదివారమేగా? కొట్టు ఎలాగూ ఉండదు."

నేను ఆదివారమని ఇంకా అననేలేదు.

"నీకెవరు చెప్పారు?"

అప్పుడు ఆగింది కత్తెర. ఒక్క క్షణం. "ఉద్యోగం చేసుకునే పిల్ల ఇంకెప్పుడు పిలుస్తుంది వదినా?" అన్నాడు. సబబుగానే ఉంది. అతని ప్రతి మాటకీ లోపల ఇలాంటి లైనింగు ఒకటి ముందే కుట్టి ఉండేది. పిట్ట ఆఖరి మాట కూడా చెప్పాను. తలూపాడు. తర్వాత వెనక్కి తిరిగి తానుల వరసలో వేలు పెట్టి వెతికి, లేత బూడిదరంగు గుడ్డ ఒకటి లాగాడు. పిట్ట ఇంటికి కర్టెన్లు కుడతానన్నాడు. మిషను అమ్మాయికి ఇవ్వలేదు, తనే కూర్చున్నాడు. అంచు మడతలు చేత్తో వేశాడు. ఆ వేళ్ళు చూస్తుంటే నాకు చిన్నప్పటి పిట్ట జడ గుర్తొచ్చింది. ఆ తర్వాత ఇంకోటి తట్టింది.

"కిటికీ చూడకుండా కోశావేమిటి?"

"అపార్టుమెంట్ల కిటికీలన్నీ ఒక అచ్చులో పోసినవేగా."

డాక్టరుగారి చీటీ చెత్తబుట్టలో వేసిన మనిషి అన్న మాట అది. నాకు ఆ వారమంతా ఏ పుస్తకమూ రెండు పేజీలు దాటలేదు.

ఆదివారం వ్యానులో వెళ్ళాం. అతను దారంతా ఈల వేస్తూనే ఉన్నాడు. పిట్ట తలుపు తీసింది. ఇద్దరూ ఒకళ్ళ కాళ్ళవంక ఒకళ్ళు చూసుకున్నారు.

"చిక్కిపోయావు" అన్నాడు.

"నువ్వు లావయ్యావు."

"మీ పెద్దమ్మ చేతివంట. నేనేం చెయ్యను?"

"నామీదికి తోస్తావేం" అన్నాను. ముగ్గురం నవ్వాం. గాలి కాస్త ఆడింది. ఇల్లు చిన్నదే, శుభ్రంగా ఉంది. హాలు కిటికీకి పాత దుప్పటి ఒకటి పిన్నులతో పెట్టి ఉంది. పిట్ట టీ కలపడానికి వెళ్ళింది. వచ్చేసరికి అతను మడత స్టూలు ఎక్కి కడ్డీ బిగించేసి కర్టెన్లు వేలాడదీశాడు. బూడిదరంగు గోడకి అతికినట్టుంది. అంచు నేలని తాకీ తాకనట్టు నిలిచింది.

"బాగున్నాయి నాన్నా" అంది పిట్ట. కప్పు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "కొలత లేకుండా ఎలా కుట్టావు?"

"పెద్ద కిటికీలన్నీ ఒకటే."

"అవునా" అంది.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. అతను ఊరుకోలేకపోయాడు. సంచిలోంచి రెండో పొట్లం తీసి, ఇల్లు తెలిసినవాడిలా తిన్నగా పడకగదిలోకి నడిచాడు. ఆ గదిలో కిటికీ విచిత్రమైనది. బీరువా వెనక, పైకప్పుకి దగ్గరగా, సన్నగా అడ్డంగా ఉంది. అలాంటిది ఏ అచ్చులోనూ పోయరు. అతను పొట్లం విప్పి చిన్న తెర తీశాడు. స్టూలు ఎక్కి పెట్టాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

దిగి, రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వాల్చి చూసుకున్నాడు. తన పని తను చూసుకుని మురిసినప్పుడు అతనలాగే నిలబడతాడు.

పిట్ట కప్పు కింద పెట్టింది. "ఈ కొలతెవరిచ్చారు?"

అతను నావైపు చూశాడు. "వదిన పంపింది."

"పెద్దమ్మకి టేపు ఎటునుంచి పట్టుకోవాలో కూడా తెలీదు."

ఇద్దరూ నన్నే చూస్తున్నారు. అతని కళ్ళు నన్ను బతిమాలుతున్నాయి, అదే చూపులో నన్ను ఒప్పిస్తున్నాయి కూడా. "నేనీ గదిలో అడుగుపెట్టడం ఇదే మొదలయ్యా" అన్నాను.

"ఈ గది ఫోటో నేను ఒక్క మనిషికే పంపాను" అంది పిట్ట. మెల్లిగా, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. "బీరువా ఎక్కడ పెట్టాలని అడిగి పంపాను. ఊలు ఆంటీకి."

బయట లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది.

"ఊలు ఆంటీ ఎవరని కూడా అడగవా నాన్నా?"

అతను పెదవులు తడుపుకున్నాడు. మొదలుపెట్టాక మాత్రం ఆగలేదు. "నువ్వు తలుపు మూసేస్తే నేనెక్కడ నిలబడాలే? చెప్పు. కిటికీ కూడా లేకుండా చేశావు. అయినా ఆవిడ నీకేం చెడు చెప్పింది? నీకు జలుబు చేస్తే ఆవిరి పట్టమంది. క్లినిక్కులో ఆ పై ఆఫీసరు సంగతిలో జాగ్రత్త చెప్పింది. నన్ను పిలవమంది. అన్నీ మంచే చెప్పింది!"

"నా ఏడుపంతా చదివావు."

"నేను కూడా ఏడ్చాను."

"నన్నెందుకు వదిలేసిందో నా కూతురు అని ఆవిడ అడిగితే, మా నాన్న గురించి నేనెవరికీ చెప్పనివి చెప్పాను. నీకే చెప్పాను." పిట్ట గోడకి ఆనుకుంది. "ఇవాళ నేను పిలిస్తే వచ్చావనుకున్నానే, అది కూడా నువ్వే పిలిపించుకున్నావు. ఇందులో నాదేముంది నాన్నా? ఒక్కటి చెప్పు, నాదని."

అతను గదంతా చూశాడు. చూపు వెళ్ళి ఆ సన్నటి తెరమీద నిలిచింది. అప్పుడు అన్నాడు. ఎందుకన్నాడో నాకు ఈనాటికీ అంతుపట్టదు.

"చూడు, ఎక్కడైనా ఒక్క మడత తేడా ఉందా?"

పిట్ట అరుస్తుందనుకున్నాను. అరవలేదు. మంచం అంచున కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, చెవి పరీక్షకి వచ్చిన ముసలివాళ్ళతో మాట్లాడేటంత నిదానంగా మాట్లాడింది.

"నాన్నా, ఒక్క పని చెయ్యి. ఆ అకౌంటు ఇప్పుడు నా ముందు తీసెయ్యి. ఆవిడ లేదు ఇక. నీకేం తెలుసుకోవాలనున్నా నన్నడుగు. చెప్పాలనిపిస్తే చెప్తాను, లేకపోతే లేదంటాను. లేదన్నప్పుడు ఊరుకోవాలి. దీనికి ఒప్పుకుంటే ప్రతి ఆదివారం రా. నేనే వంట చేస్తాను. ఒప్పుకోకపోతే మాత్రం పెద్దమ్మతో చెప్పించిన మాటే."

ఇంతకంటే ఏం కావాలి మనిషికి? నా ప్రాణం లేచొచ్చింది. "తియ్యవయ్యా" అన్నాను. "తీసెయ్యి, నా తండ్రీ."

ఫోను జేబులోంచి తీశాడు. బొటనవేలు అద్దంమీద పెట్టాడు. ఆ వెలుగు అతని గడ్డం కింద పడింది. నేను అతని వేలునే చూస్తున్నాను. కొద్దిగా పైకి జరిగింది, మళ్ళీ కిందికి వచ్చింది. ఏదో చదువుతున్నాడు. వాళ్ళిద్దరి పాత మాటలే అయి ఉంటాయి, పైకి తోసుకుంటూ తోసుకుంటూ మొదటిదాకా వెళ్తున్నట్టున్నాడు. పిట్ట ఎదురుగానే ఉంది, చెయ్యి చాస్తే అందేంత దూరంలో. అతను ఫోన్లో పిట్టనే చూస్తున్నాడు.

"హాల్లో హుక్కులు తగ్గాయి" అన్నాడు ఉన్నట్టుండి. "చివర కాస్త జారుతోంది. వ్యానులో ఉన్నాయి, తెస్తానుండు."

"నాన్నా."

"ఇప్పుడే."

తలుపు చప్పుడైంది. పిట్ట కళ్ళు మూసుకుంది. నేను హాల్లోకి వచ్చాను. టీ మీద మీగడ కట్టింది. అతని టేపు కుర్చీమీద చుట్టలు చుట్టుకుని పడుంది. కర్టెన్ చివర ఎక్కడా జారడం లేదు. మడత స్టూలు పైమెట్టు మీద హుక్కుల ప్యాకెట్టు ఉంది. ఇంకా సగం నిండుగానే ఉంది.

"వచ్చాడా?" అంది పిట్ట లోపలినుంచి.

నేను బూడిదరంగు తెర పక్కకి జరిపి కిందికి చూశాను. వ్యాను ఆపిన చోట ఎవరో పిల్లలు అప్పుడే సైకిళ్ళు తిప్పుతున్నారు.